మేనమామను తినే పన్ను

తలుపుకు బయట బేడెం పడ్డ చప్పుడు చిన్నదే, అయినా నాగరత్నకు అది తాండూరు బజారంతా వినిపించినట్టు తోచింది, ఇనుము మీద ఇనుము, ఆ వెనక అత్తగారి ఉత్త పాదాలు బండల మీద దూరమవడం, ఆ తర్వాత ఇక వాసనలే, కందిపప్పు బస్తాల వాసన, తడి ఆరని గోనె వాసన, మూలనున్న చింతపండు కుండ వాసన, వాటన్నిటి మీదా ఒళ్లో ఎనిమిదో నెల నడుస్తున్న చిన్నదాని పాలవాసన. చిన్నప్పటి కథల్లో రాక్షసుడు ఇల్లు చేరగానే ముక్కు ఎగబీల్చి నరవాసన, నరవాసన అనేవాడు, బావిలోనో బానలోనో దాక్కున్న రాకుమారుడు ఊపిరి బిగబట్టేవాడు. ఈ ఇంట్లో కథ తిరగబడింది. తినబడవలసినవాడు బయట అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు, తినబోయే రాక్షసిని అర్రలో పెట్టి బేడెం వేశారు. రాక్షసికి ఒంటి మీద మొలతాడు తప్ప ఏమీ లేదు, చొంగ కారుస్తోంది, తల్లి మంగళసూత్రం పట్టుకుని నోట్లో పెట్టుకోవాలని చూస్తోంది. దాని నోట్లో ఆయుధం ఒక్కటే. పై చిగురుకు మధ్యన, బియ్యపు నూకంత పన్ను.

ఆ పన్నును కనిపెట్టింది అత్తగారే. మొన్న పొద్దున అనసూయమ్మ మనుమరాలికి వెండి చెమ్చాతో రాగి జావ తాగిస్తుంటే టిక్కుమని చప్పుడైంది. చెమ్చా పక్కన పెట్టి, చూపుడువేలు కొంగుకు తుడుచుకుని, పిల్ల నోట్లో పెట్టి కింద తడిమింది, మీద తడిమింది, మీద తడిమిన చోట వేలు ఆగిపోయింది. ఆ ముఖం నాగరత్న చూసింది. పై పన్ను ముందు వచ్చిన పిల్ల మేనమామను తింటుందని ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. విరుగుడు కూడా చెబుతారు. మేనమామ పిల్ల ముఖం ఎదురుగా చూడకూడదు, కంచు గిన్నెలో నువ్వుల నూనె పోసి అందులో పడ్డ నీడను ముందు చూడాలి, అయ్యగారు మంత్రం చదవాలి, గిన్నెతో సహా నూనెను ఆయనకే దానం ఇచ్చెయ్యాలి, అప్పుడు కళ్లారా చూసుకోవచ్చు. అదంతా మంచి రోజు చూసి చేద్దామని అనుకుంటుండగానే ఇవాళ పదిగంటల బండికి రాజేశం చెప్పాపెట్టకుండా దిగాడు. నాగరత్నకు ఉన్న ఒక్క అన్న. వికారాబాదు పైన అనంతగిరి గుట్ట మీది క్షయ దవాఖానలో రెండేళ్లుగా ఉంటున్నాడు. ఎల్లుండి ఆపరేషను, పక్కటెముకలు తీస్తారు, దానికి ముందు ఒక్క పూట సెలవు అడిగి మేనకోడలి ముఖం చూడ్డానికి వచ్చాడు. అయ్యగారేమో పెద్దేముల్లో పెండ్లికి పోయాడు. నాగరత్న పెనిమిటి ఈశ్వరయ్య దుకాణం వదిలిపెట్టి, సైకిలెక్కి ఆయన్ను పట్టుకురావడానికి పోయాడు. వికారాబాదు బండి నాలుగు దాటగానే ఉంది.

అందుకని ఈ బేడెం. "జరసేపు గీ అర్రల కూసో నాగరత్నా, పిల్ల ఏడ్చుకుంట బయటికొస్తే అన్యాలమైతది," అంది అనసూయమ్మ, నాగరత్న మాట్లాడకుండా వచ్చి కూర్చుంది. అదే ఇప్పుడు గుర్తొస్తే నవ్వొస్తోంది. హైదరాబాదు హాస్టల్లో ఉండి ఇంటర్ చదివిన మనిషి, కప్పను కోసి గుండె ఎక్కడుందో చూపించిన మనిషి, పన్నుకు భయపడి అర్రలోకి నడిచి వచ్చింది. కప్పకు పళ్లు పైన ఉంటాయి, కింద ఉండవు. మాస్టరమ్మ చెబితే రాసుకున్నదే. కప్పల మేనమామలు ఎలా బతుకుతున్నారో.

అరుగు మీద దగ్గు. మొదట ఒకటి, ఆ తర్వాత రెండు కలిసి, ఆ తర్వాత బండి ఎత్తెక్కినట్టు వరసగా. నాగరత్న చిన్నదాన్ని రొమ్ముకు హత్తుకుంది, దగ్గు ఆగేదాకా తాను కూడా ఊపిరి పీల్చలేదు. "నా గిలాస నాకున్నది అత్తమ్మా, గిండ్ల పొయ్యిండ్రి," అంటున్నాడు అన్న. ఎక్కడికి పోయినా తన గ్లాసు తాను మోసుకుపోతాడట, ఇంట్లోకి రానన్నాడు, అరుగు మీద కూడా చివరన కూర్చున్నాడు, కఫంలో పురుగు లేదని డాక్టరు చెప్పినా సరే. "ఎన్ని తీస్తరట నాయనా, బొక్కలు?" అత్తగారి గొంతు. "ఏడంటున్నరు." "తీసినయి ఏం జేస్తరు?" "ఏమో అత్తమ్మా, అడగలే. నా బొక్కలు నాకిమ్మంటే ఇస్తరేమో, చారు పెట్టుకోనీకె." "ఛీ, శాకం తినే ఇండ్ల పుట్టి గవేం మాటలు!" అని అత్తగారు అంటూనే నవ్విన చప్పుడు. రాజేశం అంతే. ఆ మాటలకే దవాఖానలో నర్సులు కూడా వాడి మంచం దగ్గర ఒక నిమిషం ఎక్కువ నిలబడతారని విన్నది. "అయినా మీ మనుమరాలు నన్ను తింటదని ఊకె పరేషాన్ అయితున్నరు గానీ, నన్ను తినుడు ముందే షురూ జేసిండ్రు అత్తమ్మా. ఓ పక్క ఊపిరితిత్తి సగం అయిపాయె. మీ పిల్ల వరసల నిలవడాలె." ఈసారి అత్తగారు నవ్వలేదు.

శాకం తినే ఇల్లు. నిజమే, ఈ గడప లోపలికి కోడిగుడ్డు పెంకు కూడా రాలేదు. ఏకాదశినాడు ఉల్లిగడ్డను కూడా పరాయిదాన్ని చూసినట్టు చూస్తారు. పప్పు చెరగడానికి వచ్చే బుగ్గమ్మ దసరాకు మేకకూర తిని మరునాడు పనికొస్తే ఆమె నీళ్లు తాగిన చెంబును బూడిదతో ఒకటికి రెండుసార్లు తోమిస్తారు. ఇంత నియమమున్న ఇంట్లో మనుషుల్ని తినని ఆడది లేదు. అనసూయమ్మ పెనిమిటిని తిన్నది. పంతొమ్మిదేళ్లకు, చంకలో ఏడాది కొడుకుతో. పదకొండోనాడు ఆమె అత్తగారు నడిమింట్లో నిలబడి నా కొడుకును తిని కూసున్నది అన్నదట, ఆ రోజు నుంచి అనసూయమ్మ గోడవైపు తిరిగి అన్నం తింటుంది. ముప్పై ఏళ్లు. ఆమె దవడ కదలడం కొడుకు కూడా చూసి ఉండడు. నాగరత్న కాపురానికి వచ్చిన కొత్తలో అది మడి అనుకుంది. ఒకరోజు మంచినీళ్లు అందివ్వబోయి ముందుకు వెళితే ఆమె కొంగు అడ్డం పెట్టుకుంది, దొంగతనం చేస్తూ దొరికిన పిల్లలాగా.

నాగరత్న తల్లిని తిన్నది. పురిటి మంచం మీదే. ఆ సంగతి తనకు తెలిసింది ఆరేళ్లప్పుడు, మర్పల్లిలో ఎవరిదో పెండ్లి బంతిలో. బూరెలు వడ్డిస్తున్న ఒకామె పక్కామెను మోచేత్తో పొడిచి "గీ పిల్లేనా, తల్లిని మింగి పుట్టింది?" అంది, ఇంకో బూరె కూడా వేసింది. నాగరత్న తలవంచి తన పొట్టకేసి చూసుకుంది. అమ్మ అందులో ఉందన్నమాట. పాయసం వేడిగా ఉంది, అమ్మకు కాలుతుందేమోనని ఊదుకుని ఊదుకుని తాగింది. ఇంటికి వచ్చాక అన్నను అడిగింది, అన్నా, అమ్మ నా కడుపులో ఉన్నదా? పదకొండేళ్ల రాజేశం నవ్వలేదు. ఆమె పొట్టకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. "ఉన్నది. పండుకున్నది. నువ్వు అటుకులు గిట్ల తినకు, చప్పుడైతది," అన్నాడు. ఎన్నేళ్లో అటుకులు తినలేదు నాగరత్న. కాలేజీలో తోటి పిల్లలు పొట్లం చాపితే వద్దని తల ఊపేది.

చిన్నది మంగళసూత్రం వదిలేసి రొమ్ము వెతుక్కుంది. ఆ పన్ను తగులుతుంది, గుచ్చినట్టు, సూది కాదు గానీ సూది ఉద్దేశం ఉన్నట్టు. పాలంటే నెత్తురే, నెత్తురే తెల్లగయితది అంటుంది అత్తగారు. అలాగయితే ఇది రోజుకు ఏడెనిమిది మార్లు నన్ను తింటోంది, ఎవరూ అయ్యగారిని పిలవలేదు. ముద్దొస్తే బుగ్గ కొరికేస్తానంటాం, నిన్ను తినేస్తా, ఆం, అని కడుపు మీద మూతి పెడితే అది కిలకిలమంటుంది, తినేస్తారని దానికి నమ్మకం, అందుకే నవ్వు. చిన్నప్పుడు తన నానమ్మ చెప్పేది, పెద్ద కరువులో జనం రాళ్లు ఉడకపెట్టుకున్నారట, ఆకులు అయిపోయాయట, చివరికి ఒక తల్లి, ఇక్కడ గొంతు తగ్గించేది నానమ్మ, ఒక తల్లి తన పిల్లనే. ఏ ఊళ్లో నానమ్మా అంటే బొంరాస్‌పేటలో అనేది. బొంరాస్‌పేట నుంచి చుట్టాలొస్తే వాళ్లను అడిగింది నాగరత్న, ఆ మాట విన్నాం గానీ మా ఊళ్లో కాదు, మర్పల్లి దిక్కు అన్నారు వాళ్లు. మర్పల్లివాళ్లు ఇంకో ఊరు చెప్పారు. మనిషిని తిన్నవాళ్లు ఎప్పుడూ పక్క ఊళ్లోనే ఉన్నారు, ఎడ్లబండి కట్టుకుని వెతుకుతూ పోతే బహుశా తిరిగి మన గుమ్మానికే వస్తామేమో.

కాలేజీలో ఇంగ్లీషు మాస్టరమ్మ ఒకసారి పాఠం వదిలేసి ఓడ కథ చెప్పింది. ఓడ మునిగింది, చిన్న పడవలో నలుగురు మిగిలారు, తిండి అయిపోయింది, నీళ్లు అయిపోయాయి, అందరికంటే చిన్నవాడు జబ్బుపడ్డాడు, మిగిలిన ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒడ్డుకు చేరాక తామే నోరు విప్పి చెప్పారట తిన్నామని, కోర్టు, శిక్ష. గదిలో ఆడపిల్లలందరూ నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నాగరత్నకు మాత్రం చెప్పడం ఎందుకు, అనిపించింది. సముద్రం చెప్పదు, చేపలు చెప్పవు. పెండ్లయిన కొత్తలో మాటలు లేక ఆ కథ ఈశ్వరయ్యకు చెప్పింది. ఆయన అంతా విని, కాసేపు ఆలోచించి, "మరి ఉప్పు ఉండెనా ఆండ్ల?" అన్నాడు. ఆ రాత్రే ఆమెకు పెనిమిటి మీద మొదటిసారి ప్రేమ పుట్టింది.

"పెద్దమ్మా, నా ఇద్దరు పిల్లలు పై పండ్లోల్లే," వాకిట్లో చాట ఆపి అంటోంది బుగ్గమ్మ. "మా తమ్ముడు దున్నపోతు లెక్కున్నడు. వాన్ని తిందామంటే ఊరంత సరిపోదు." "నువ్వు నీ పని చూడవే," అంది అత్తగారు. మళ్లీ చాట చప్పుడు, రేగుతున్న పొట్టు తలుపు సందులోంచి అర్రలోకి కూడా వచ్చి సన్నటి వెలుతురులో తేలింది. ఎంత చీకటి ఇక్కడ. చీకటంటే ఇది కాదు. చీకటంటే పాతర.

పోలీసు చర్యకు ముందటి వాన నెలలు. రజాకార్లు వస్తున్నారని వికారాబాదులో ఎవరో వీధిలో అరుచుకుంటూ పరుగెత్తారు, నాన్న పెరట్లోని జొన్న పాతర మూత జరిపి ఇద్దరినీ అందులోకి దింపాడు, మీద బండ, బండ మీద గడ్డి. లోపల అడుగున మిగిలిన జొన్నలు మోకాళ్ల దాకా, తేమకు పులిసిన వాసన, ఊపిరి పీలిస్తే గొంతులో గుడ్డ కుక్కినట్టు. నాగరత్నకు పదమూడు, రాజేశంకు పద్దెనిమిది. మీద గుర్రాల చప్పుడు, కాదు, మనుషుల బూట్లు, ఎవరో ఏదో పగలగొడుతున్నారు, ఆమె గొంతులోంచి కేక తనకు తెలియకుండానే లేచింది, అన్న అరచేయి వచ్చి నోరు మూసింది. గాలి లేదు. గాలి కోసం ఆమె కొరికింది. బొటనవేలి కింది కండ, పళ్లు దిగాయి, ఉప్పగా, ఇనుముగా, వెచ్చగా నోరు నిండింది, మింగింది, ఉమ్మడానికి చోటు లేదు. అన్న చేయి తియ్యలేదు. అబ్బా అని కూడా అనలేదు. బండ జరిపి నాన్న పైకి లాగినప్పుడు వెలుగులో ఆమె మూతి చూసి నాన్న భయపడ్డాడు, ఏం కాలే నాన్నా, నాదే, అన్నాడు రాజేశం. ఆ పుండు మానడానికి నెల పట్టింది. తల్లి పళ్లకే చావనివాడు బిడ్డ పన్నుకు చస్తాడా. ఎప్పటికైనా తినవలసినంత నేనే తిన్నాను కదా, ఇంకా ఈ నూకగింజకు ఏం మిగిలిందని.

సైకిలు గంట. ఈశ్వరయ్య గొంతు, ఎండకు ఎండి. "రాడటమ్మా. పెండ్లి రెండు దినాలట, రేపు గాని కదలనన్నడు. నూనె పోసి మీరే చూపెట్టుండ్రి అంటే మంత్రం లేంది పనిచెయ్యదన్నడు." టాంగావాడు వీధిలోంచి "బండి టైమైతుంది సాబ్" అన్నాడు. "పోనీ తియ్యిండ్రి అత్తమ్మా," అన్నాడు రాజేశం, "ఆపరేషన్ అయినంక వస్త." అయినంక. ఆ మాట అరుగు మీద పడి అక్కడే ఉండిపోయింది, దాన్ని ఎవరూ తియ్యలేదు.

నాగరత్న బస్తాల మీదికి ఎక్కింది. ఒక చేత్తో చిన్నది, ఒక చేత్తో గోడ, కాలి కింద కందిపప్పు జారుతోంది. పైన జానెడు కిటికీ, దానికి కమ్మీలు. అందులోంచి అరుగు చివర ఒక ముక్క కనిపిస్తుంది, స్తంభం, స్తంభాన్ని పట్టుకుని లేస్తున్న ఒక చేయి. ఎంత సన్నబడిందో చేయి. బొటనవేలి కింద అర్ధచంద్రం అలాగే ఉంది, తెల్లగా. పిల్లను రెండు చేతులతో ఎత్తితే చాలు. అన్నా, గిటు చూడు, అంటే చాలు. కమ్మీల మధ్య దాని ముఖం పడుతుంది, వాడు చూస్తాడు, అయిపోతుంది. బేడెం బయట ఉంది గానీ కిటికీకి బేడెం లేదు. చేతులు లేవలేదు. ఎల్లుండి వాడు ఆ బల్ల మీద పడుకుంటాడు, మత్తుమందు ఇస్తారు, ఏడు ఎముకలు. వాడు లేవకపోతే. లేవకపోతే ఏ పెండ్లి బంతిలోనో ఎవరో దీనికి బూరె వడ్డిస్తూ మోచేత్తో పొడుస్తారు, గీ పిల్లేనా. ఇది పొట్ట చూసుకుంటుంది. దీని పొట్టకు చెవి ఆనించి వినడానికి అన్న కూడా లేడు. ఎత్తు, ఎత్తవే, చదువుకున్నదానివి. చేతులు తనవి కానట్టు ఉన్నాయి. ఇంతసేపూ అత్తగారు వేసింది అనుకున్న బేడెం ఇదన్నమాట, ఇది ఎప్పుడు వేశారో, ఎవరు వేశారో. చేయి స్తంభాన్ని వదిలేసింది. అర్ధచంద్రం పక్కకు జరిగి కనబడకుండా పోయింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. అనసూయమ్మ. బస్తాల మీద కోడలిని చూసింది, కిటికీని చూసింది. చేతులు చాచింది. నాగరత్న ఎందుకో తెలియకుండానే పిల్లను అందించింది. అత్తగారు అక్కడే, చీకట్లోనే, చిన్నదాని నోట్లో వేలు పెట్టింది, మీద తడిమింది, కింద తడిమింది, మొన్నటిలాగే. ఆ తర్వాత నడిమిల్లు దాటి తలవాకిట్లోకి నడిచింది, ముప్పై ఏళ్లలో ఎన్నడూ ఎత్తనంత గొంతెత్తి, ఎదురింటివాళ్లకు కూడా వినబడేలా అంది. "రాజేశం, ఆగు నాయనా! కింది పన్నే ఇది. నా కండ్లు మసకలు, గా దినం సక్కగ సూడలే. కింది పన్నే, సూడు, వచ్చి సూడు నీ కోడల్ని!"

టాంగా మెట్టు మీద ఒక కాలు పెట్టిన రాజేశం వెనక్కి తిరిగాడు. చిన్నది కొత్త మనిషిని చూసి, చూసి, నోరంతా తెరిచి నవ్వింది. ఎండలో ఆ పన్ను మెరిసింది, పై చిగురు మధ్యన, ఎవరూ పొరపడడానికి వీల్లేకుండా. ఈశ్వరయ్య నోరు తెరిచాడు, తల్లి వంక చూసి మూసుకున్నాడు, గిరాకీ ఎదుట తూకం గురించి మాట్లాడకూడదని ఎరిగినవాడు. రాజేశం కింద వీధిలోనే, నాలుగడుగుల దూరంలో రుమాలు మూతికి అడ్డం పెట్టుకుని నిలబడి చూశాడు. చాలాసేపు చూశాడు. "అవునత్తమ్మా," అన్నాడు, "కిందిదే. ఎంత సక్కగున్నది." "నేను ముందుగాల్నే చెప్పిన," అంది బుగ్గమ్మ, ఏం చెప్పిందో ఆమెకే తెలియాలి.

నాగరత్న అర్ర గుమ్మంలోనే ఉంది. తలుపు బార్లా తెరిచి ఉన్నా కాళ్లు ఇంకా రావడం లేదు. అన్న అత్తగారి భుజం మీదుగా ఆమెను వెతికి పట్టుకున్నాడు. రుమాలు కిందికి దించాడు. "చెల్లే, మంచిగున్నవా? అటుకులు తింటలేవు గద?"

"లేదన్నా," అంది నాగరత్న. "చప్పుడైతది గద."

టాంగా కదిలింది. మూల తిరిగేదాకా చేయి ఊపాడు, కొరికిన చేయే.

పొద్దుగూకాక అనసూయమ్మ ఉప్పుడుపిండికి పొయ్యి ముట్టించింది, రాత్రిపూట ఆమె తినేది అంతే. పొద్దున్నుంచి దేవుడి గూటి ముందు మూత పెట్టి ఉన్న కంచు గిన్నె తెచ్చింది. నువ్వుల నూనె, ఎవరి ముఖమూ పడనిది. మూకుట్లో వంపబోయి ఒక్క క్షణం అందులోకి వంగి చూసుకుంది, అద్దం ముట్టని మనిషి, ఆ వెంటనే వంపేసింది. ఆవాలు చిటపటమన్నాయి. ఎప్పటిలాగే గోడవైపు తిరిగి కూర్చుంది. గోడవైపు నుంచే, వెనక్కి చూడకుండా అంది, "రేపో మాపో కిందిది గూడ వస్తది. వచ్చినంక ఏది ముందని ఎవలు అడుగుతరు?"

నాగరత్న నిద్రపోతున్న చిన్నదాని పెదవి మెల్లగా తీసి, కింది చిగురు మీద వేలు పెట్టింది. ఈ చివర నుంచి ఆ చివరకు తడిమింది. నున్నగానే ఉంది ఇంకా. ఎల్లుండికి ఇంకా ఒక రాత్రి, ఒక పగలు, ఇంకో రాత్రి. వేలు తియ్యలేదు.